పడవ ట్రైలర్‌కి బ్రేకులు వేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంత ఫైబర్ బోటు ఉన్నవాళ్లు, బోటింగ్ నడిపేవాళ్లు, వాళ్లకి ట్రైలర్లు చేసిపెట్టే వెల్డింగ్ షాపులవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. 14 నుంచి 22 అడుగుల బోటు, ఒకే యాక్సిల్, లాగేది జీపో పికప్పో. అలాంటి ట్రైలర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాం. రెండు యాక్సిళ్లుంటే తేడా వచ్చేచోట విడిగా చెప్పాం.

నా ట్రైలర్‌కి అసలు బ్రేకులు కావాలా?

ముందు కాటా వేయించండి. బోటు, ఇంజను, నిండా పెట్రోలు, బ్యాటరీ, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ ఎక్కించి, జీపు విప్పేసి, ట్రైలర్ ఒక్కదాన్నే తూచాలి. బోటు కాగితాల్లో రాసి ఉండేది చాలాసార్లు ఒట్టి హల్ (బోటు డొల్ల) బరువే. దానిమీద 40 గుర్రాల అవుట్‌బోర్డు ఇంజను 70 నుంచి 100 కిలోలు, 50 లీటర్ల పెట్రోలు 37 కిలోల దాకా, ట్రైలర్ ఇనుము 200 నుంచి 350 కిలోలు. ‘ఆరొందల కిలోలుంటుందేమో’ అనుకున్నది కాటా మీద వెయ్యి చూపించడం మామూలే.

యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్ల దగ్గర, అంటే సుమారు 1,360 కిలోల దగ్గర గీత గీశాయి. మా మాట ఏంటంటే, మొత్తం బరువు 750 కిలోలు దాటినా, లాగే బండి ఖాళీ బరువులో సగం దాటినా బ్రేకులు వేయించండి.

లెక్క చూడండి. మనుషులతో కలిపి 1,900 కిలోల జీపు గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి గట్టి బ్రేకుతో దాదాపు 23 మీటర్లలో ఆగుతుందనుకుందాం. దాని వెనక బ్రేకుల్లేని 1,500 కిలోల ట్రైలర్ తగిలిస్తే, ఆపే శక్తి అంతే, ఆపాల్సిన బరువు మాత్రం 3,400 కిలోలు. ఆగే దూరం 41 మీటర్లు దాటుతుంది. మీ కాలు పెడల్ మీద పడేలోపు జరిగే దూరం ఇందులో కలపలేదు. పైగా తడి రోడ్డు మీద, మలుపులో, వెనక నుంచి ఆ బరువంతా నెడితే జీపు అడ్డం తిరుగుతుంది. కనకదుర్గ వారధి మీద ముందు ఆటో ఠక్కున ఆగినప్పుడు 18 మీటర్ల తేడా చిన్నదేం కాదు.

ఎన్ని రకాల బ్రేకులున్నాయి? మన దగ్గర ఏది నడుస్తుంది?

మొదటిది ఓవర్‌రన్. జీపు వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపుడుకి కప్లర్ (ట్రైలర్ ముందు కొసన, బండికి తగిలించే తల) లోపలికి జరిగి, ఇనుప రాడ్డు, కేబుళ్ల ద్వారా డ్రమ్ము లోపలి బ్రేకు షూలని బయటికి తోసి డ్రమ్ముకి పట్టిస్తుంది. యూరప్ ట్రైలర్లన్నీ దాదాపు ఇలాంటివే. ఆల్-కో, నాట్ కంపెనీల సెట్లు ఈ రకం. బ్రేక్ ఆయిల్‌తో పనిలేదు.

రెండోది సర్జ్. సూత్రం అదే, కాకపోతే కప్లర్ లోపలికి జరిగినప్పుడు మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. అక్కణ్ణుంచి ఆయిల్ ఒత్తిడి చక్రాలకి వెళుతుంది. అమెరికా బోటు ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

మూడోది కరెంటు బ్రేకు. డ్రమ్ములో అయస్కాంతం, జీపులో కంట్రోలర్. నీళ్లలో దిగే ట్రైలర్‌కి ఇది వద్దు. అయస్కాంతం, దాని తీగెలు తుప్పు పడతాయి.

నాలుగోది కరెంటుతో నడిచే హైడ్రాలిక్ పంపు. పంపు ట్రైలర్ ముందు భాగంలో పైన ఉంటుంది కాబట్టి నీళ్లు తగలవు. డ్రమ్ములకి 1,000 పీఎస్‌ఐ, డిస్కులకి 1,600 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చే రకాలు దొరుకుతాయి. రెండు యాక్సిళ్ల బరువైన బోటుకి ఇది చాలా బాగుంటుంది. కానీ జీపులో కంట్రోలర్, ట్రైలర్ మీద బ్యాటరీ, వైరింగ్ చేయగల మనిషి, మూడూ కావాలి.

ఒకే యాక్సిల్‌కి మేం చెప్పేది మొదటి రెండింట్లో ఒకటి. ఏ బండికైనా తగిలించొచ్చు, జీపులో ఏమీ మార్చక్కర్లేదు. ఊళ్లో ఒకరి బోటుని ఇంకొకరి బండి లాగడం మామూలే కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

డ్రమ్మా, డిస్కా?

మీ బోటు ఏ నీళ్లలో దిగుతుందో చెప్పండి. ప్రకాశం బ్యారేజీ ఎగువన మంచినీళ్లలోనే తిరిగే బోటైతే డ్రమ్ము చాలు. లైనింగు, వీల్ సిలిండర్ కిట్టు, స్ప్రింగులు ఆటోనగర్‌లో దొరుకుతాయి, డ్రమ్ముకి లేత్ మీద టర్నింగ్ పట్టేవాళ్లూ ఉన్నారు. కృష్ణ నీళ్లలో ఉప్పు లేకపోయినా ఒండ్రు ఉంటుంది. అది డ్రమ్ములో చేరి షూలని రాపాడిస్తుంది. ఏటా ఒకసారి విప్పి దులపాల్సిందే.

మచిలీపట్నం, నిజాంపట్నం, సూర్యలంక వైపు ఏడాదికి రెండుమూడు సార్లు వెళ్లినా సరే, డిస్కుకి వెళ్లండి. ఉప్పునీళ్లు డ్రమ్ములో నిలబడతాయి, బయటికి కనిపించవు. డిస్కు బయటే ఉంటుంది, గొట్టం పెట్టి కడిగితే శుభ్రం. ప్యాడ్ ఎంత అరిగిందో చక్రం సందులోంచి కనిపిస్తుంది. క్యాలిపర్లో పిస్టను స్టెయిన్‌లెస్ అయినది అడగండి. డిస్కు మీద జింకు పూత గానీ, అంతా స్టెయిన్‌లెస్ గానీ ఉండాలి. మామూలు కారు డిస్కు ఉప్పులో వారం గడిస్తే తుప్పు పొరలు కడుతుంది.

నా పాత యాక్సిల్‌కే బ్రేకులు వేయొచ్చా?

ఖర్చంతా తేలేది ఇక్కడే. బ్రేక్ సెట్టు కొనకముందే చక్రం విప్పి, హబ్బు వెనక యాక్సిల్ చివర చూడండి. అక్కడ నాలుగు బోల్టు కన్నాల చదరపు ప్లేటు వెల్డింగ్ చేసి ఉంటే మీ యాక్సిల్ బ్రేకులకి తయారుగా ఉన్నట్టే. దాన్నే బ్రేక్ ఫ్లాంజ్ అంటారు. బ్రేకు వెనక ప్లేటు దానికే బిగుస్తుంది.

ఫ్లాంజ్ లేకపోతే? వెల్డింగ్ చేయొచ్చు కానీ ఆటోనగర్‌లో ఎవరో ఒకరు ‘అరగంట పని’ అన్నారని ఒప్పుకోకండి. ఫ్లాంజ్ రెండు వైపులా స్టబ్‌కి (హబ్బు ఎక్కే యాక్సిల్ చివరి ముక్కకి) సరిగ్గా లంబంగా ఉండాలి, స్టబ్ చివర నుంచి రెండింటి దూరం మిల్లీమీటర్ల లెక్కన ఒకటే ఉండాలి. ఒక పక్క ఒక మిల్లీమీటరు వాలితే షూ ఒక అంచే డ్రమ్ముకి తగులుతుంది, లైనింగు ఏటవాలుగా అరుగుతుంది. ఇంకో ప్రమాదం వేడి. స్టబ్ మూలం దగ్గర ఎక్కువ వేడి పెడితే స్టబ్ వంగుతుంది. ఆ వంకర కంటికి కనిపించదు, కానీ టైరు ఒక పక్కే అరిగి ఆ సంగతి చెబుతుంది. గాల్వనైజ్ చేసిన యాక్సిల్ అయితే వెల్డింగ్‌కి ముందు ఆ జింకు పూత గ్రైండ్ చేసి తీసేయాలి. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది, అతుకూ సరిగ్గా రాదు.

మా సలహా: యాక్సిల్ పాతదై, తుప్పు పట్టి, కమాను కట్టలు కూడా మార్చే స్థితిలో ఉంటే, ఫ్లాంజ్‌తో సహా కొత్త యాక్సిల్ తీసుకోండి. లెక్క వేస్తే పెద్ద తేడా రాదు. పాతదాని నుంచి మూడు కొలతలు తీసుకెళ్లాలి: రెండు హబ్బుల బయటి ముఖాల మధ్య దూరం, రెండు కమాన్ల మధ్యల దూరం, యాక్సిల్ గొట్టం కొలత. బోటు కింద మడ్‌గార్డు ఎంత ఇరుగ్గా ఉందో చూడండి. డ్రమ్ము పెట్టాక చక్రం బయటికి జరిగి, మడ్‌గార్డుకి రాసుకోవడం తరచూ వచ్చే ఫిర్యాదు.

డ్రమ్ము ఎంత సైజు?

యాక్సిల్ మోసే బరువుని బట్టి. 7 అంగుళాల డ్రమ్ములు సుమారు 900 నుంచి 1,000 కిలోల యాక్సిల్‌కి, 10 అంగుళాలవి 3,500 పౌండ్ల అంటే దాదాపు 1,590 కిలోల యాక్సిల్‌కి, 12 అంగుళాలవి 3 టన్నుల దాకా. యూరప్ సెట్లలో 200×50, 230×60 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది, మొదటిది డ్రమ్ము వ్యాసం, రెండోది షూ వెడల్పు. 10 అంగుళాల డ్రమ్ము 12 అంగుళాల రిమ్ములో పట్టకపోవచ్చు. రిమ్ము లోపలి వ్యాసం ముందే కొలవండి.

పాత కారు యాక్సిల్ బ్రేకులతో సహా తెచ్చి వేసేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

కొన్నింటికి నడుస్తుంది, కొన్నింటికి తలనొప్పి. ముందు చక్రాలు లాగే చిన్న కారు వెనక యాక్సిల్ ఒట్టి బీమ్. బరువు సరిపోతే పనికొస్తుంది. ఓమ్ని వ్యానుది, టాటా ఏస్‌ది అలా కాదు. వాటిది వెనక చక్రాల లాగుడు, యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. ట్రైలర్‌కి అది దండగ బరువు. నీళ్లలో దిగితే పైనున్న బ్రీదర్ కన్నంలోంచి నీళ్లు లోపలికి పోయి, గేర్ ఆయిల్ పాలలా మారుతుంది.

ఇంకా పెద్ద చిక్కు రెండున్నాయి. కారు డ్రమ్ము వెనక్కి వెళ్లేటప్పుడూ ముందుకి వెళ్లినంత గట్టిగానే పడుతుంది. ఓవర్‌రన్ కప్లర్ రివర్స్‌లో కూడా లోపలికి నొక్కుకుంటుంది. రెండూ కలిస్తే గట్టు దగ్గర ట్రైలర్ వెనక్కి కదలదు. రెండోది, కారు వీల్ సిలిండర్లకి కావాల్సిన ఆయిల్, సర్జ్ కప్లర్లో మాస్టర్ సిలిండర్ ఒక్క తోపుకి ఇచ్చే ఆయిల్, రెండూ కలవాలి. కలవకపోతే కప్లర్ చివరికంటా లోపలికి పోతుంది కానీ బ్రేకు పడదు. కప్లర్, బ్రేకు, బరువు, మూడూ ఒక సెట్టు. మెకానికల్ కప్లర్ల మీద ప్లేటు ఉంటుంది, ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా అని. 750 నుంచి 1,500 అని ఉన్న కప్లర్‌ని 600 కిలోల ట్రైలర్‌కి పెడితే తోయడానికి బరువు చాలదు.

ఏమేం సామాను కావాలి?

ఒకే యాక్సిల్, సర్జ్, డ్రమ్ముల సెట్టుకి: కప్లర్ ఒకటి, ఎడమ కుడి బ్రేక్ అసెంబ్లీలు ఒక్కోటి, హబ్బు డ్రమ్ములు రెండు, లోపలి బయటి బేరింగులు రెండేసి, ఆయిల్ సీళ్లు రెండు, స్ప్లిట్ పిన్నులు కొత్తవి రెండు, గ్రీజు అరకిలో, 3/16 అంగుళం బ్రేకు పైపు 8 మీటర్ల దాకా, ఫ్లెక్సిబుల్ హోసు, టీ కనెక్షన్, క్లిప్పులు 15, బ్రేక్ ఆయిల్ లీటరు. ఫ్లాంజ్ బోల్టులు ఎనిమిది. అవి 8.8 గ్రేడు కంటే తక్కువ కాకూడదు, తలమీద అంకె చూసి తీసుకోండి.

బేరింగుని కొలత చెప్పి కొనకండి, దాని మీద చెక్కిన నంబరు చెప్పండి. 3,500 పౌండ్ల అమెరికా యాక్సిళ్లకి ఎక్కువగా లోపల ఎల్ 68149, బయట ఎల్ 44649 వస్తాయి. ఇక్కడ చేసిన ట్రైలర్‌కి ఏ బండి హబ్బు పెట్టారో దాని బేరింగే ఉంటుంది. బేరింగు కొత్తదైతే హబ్బు లోపల కప్పులు కూడా కొత్తవి వేయాలి. పాత కప్పులో కొత్త రోలర్లు పెడితే ఆర్నెల్లు తిరక్కుండానే మోత మొదలవుతుంది.

జీపు వెనక కప్లర్ కూర్చునే ఇనుప గుండు, అదే బాలు, దాని సంగతి మర్చిపోకండి. యూరప్ కప్లర్‌కి 50 మిల్లీమీటర్లు, అమెరికా కప్లర్‌కి చాలావాటికి 2 అంగుళాలు, అంటే 50.8. ముప్పావు మిల్లీమీటరు తేడానే, కానీ 50 కప్లర్లో 2 అంగుళాల బాలు పట్టదు, తిరగేస్తే వదులుగా ఆడుతుంది.

బిగించే క్రమం ఏంటి?

ట్రైలర్‌ని సమంగా ఉన్న నేల మీద పెట్టి, యాక్సిల్ కింద స్టాండ్లు వేయండి, ఒట్టి జాకీ మీద పని చేయొద్దు. బోటు దింపి చేస్తే ఇంకా మంచిది.

బ్రేక్ అసెంబ్లీలు ఎడమది ఎడమకే, కుడిది కుడికే. రెండు షూలలో లైనింగు పొట్టిగా ఉన్నది ముందువైపు, అంటే జీపు వైపు ఉండాలి. తారుమారైతే బ్రేకు సగం బలమే వస్తుంది, మనిషికి ఎందుకో అంతుచిక్కదు. ఫ్లాంజ్ బోల్టులు స్ప్రింగు వాషర్లతో బిగించండి.

బేరింగుల్లో గ్రీజు అరచేత్తో రోలర్ల సందుల్లోకి ఎక్కేలా నొక్కి నింపండి. పైన పూస్తే లాభం లేదు. సీలు రెండు పెదవులది కొనండి. సీలు కూర్చునే స్టబ్ మీద గరుకు గీతలుంటే సన్న ఎమరీతో నున్నగా చేయండి, లేకపోతే కొత్త సీలూ నెల్లాళ్లలో కారుతుంది. హబ్బు ఎక్కించాక, తిప్పుతూ కాజిల్ నట్టుని గట్టిగా బిగించి, తర్వాత పూర్తిగా వదులు చేసి, వేళ్లతో తగిలేదాకా తిప్పి, స్ప్లిట్ పిన్ను కన్నం దొరికేదాకా వెనక్కి జరిపి పిన్ను వేయండి. చక్రాన్ని పట్టుకుని ఊపితే ఉందో లేదో అన్నంత ఆట ఉండాలి. ఆట అసలు లేకపోతే బేరింగు కాలుతుంది.

డ్రమ్ము ఎక్కాక, వెనక ప్లేటు కన్నంలోంచి స్టార్ వీల్ (షూల దూరం సరిచేసే పళ్ల చక్రం) తిప్పి చక్రం కదలనంత వరకు షూలని బయటికి జరపండి, తర్వాత ఓ పది నొక్కులు వెనక్కి తిప్పండి. షూ అక్కడక్కడా సన్నగా రాసుకుంటూ చక్రం తిరిగితే సరిపోయింది. ఈ పని ఎయిర్ తీయడానికి ముందే చేయాలి. షూలు దూరంగా ఉంటే మాస్టర్ సిలిండర్ తోపంతా ఆ సందు పూడ్చడానికే పోతుంది, మెకానిక్ ఎయిర్ ఇంకా ఉందనుకుని సాయంత్రం దాకా తీస్తూనే ఉంటాడు.

చక్రం నట్లు 1/2 అంగుళం స్టడ్డుకి 120 నుంచి 160 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల స్టడ్డుకి 90 నుంచి 110. ఎదురెదురు నట్లు బిగించుకుంటూ వెళ్లండి. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

బ్రేకు పైపుకి రాగి గొట్టం వేయొచ్చా?

వద్దు. ఒట్టి రాగి అదురుకి గట్టిపడి, ఫ్లేర్ (బిగించడానికి విప్పార్చిన పైపు చివర) మూలంలో చిట్లుతుంది. రాగి నికెల్ మిశ్రమం పైపు దొరికితే అదే అన్నిటికంటే మంచిది, ఉప్పుకి తట్టుకుంటుంది, చేత్తో వంగుతుంది. లేదంటే పూత ఉన్న స్టీలు బ్రేకు పైపు. చివర డబుల్ ఫ్లేర్ చేయాలి. ఏసీ మెకానిక్ చేసే సింగిల్ ఫ్లేర్ ఇక్కడ పనికిరాదు, కంప్రెషన్ జాయింట్ అసలే వద్దు. ప్రతి అర మీటరుకీ ఒక క్లిప్పు. ఫ్రేమ్ నుంచి యాక్సిల్ మీదకి వెళ్లేచోట ఫ్లెక్సిబుల్ హోసు ఉండాలి, కమాన్లు పూర్తిగా కిందికి వేలాడినా అది బిగుసుకోకూడదు.

ఎయిర్ ఎలా తీయాలి?

ఇద్దరుండాలి. కప్లర్ ట్యాంకు నింపండి. కప్లర్ నుంచి పైపు ఎక్కువ పొడవు తిరిగే చక్రంతో మొదలుపెట్టండి. బ్లీడర్ నిపుల్‌కి పారదర్శక గొట్టం తగిలించి, రెండో చివర కాస్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు కప్లర్‌ని నెమ్మదిగా లోపలికి నెట్టి పట్టుకుంటే, రెండోవారు నిపుల్ పావు మలుపు తెరిచి, ఆయిల్ ఆగగానే మూసేయాలి. మూశాకే కప్లర్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. బుడగలు ఆగేదాకా ఇలా చేయండి. నాలుగైదు తోపులకోసారి ట్యాంకు చూసుకోండి. అది అడుగంటితే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది. సీసాలోకి వచ్చిన ఆయిల్ తిరిగి ట్యాంకులో పోయొద్దు.

డాట్ 3 పోయాలా, డాట్ 4 పోయాలా?

కప్లర్ మూత మీద ఏది రాసి ఉంటే అది. ఎక్కువగా డాట్ 3. డాట్ 4 కూడా దానితో కలుస్తుంది. రెండూ గాల్లో తేమ పీలుస్తాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ ఎక్కాక 140కే మరగొచ్చు. డాట్ 4 కి ఆ అంకెలు 230, 155. సగం వాడి నెలలపాటు షెడ్డులో పెట్టిన డబ్బా పారేయండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, వీటితో కలపకూడదు. డాట్ 5.1 అనేది వేరు, పేరు చూసి పొరబడొద్దు.

డిస్కులు వేశాం, పది కిలోమీటర్లకే చక్రాలు కాలిపోతున్నాయి. ఎందుకు?

డ్రమ్ముల కోసం చేసిన సర్జ్ కప్లర్ అలాగే ఉంచేసి ఉంటారు. దాని మాస్టర్ సిలిండర్ బయటి ద్వారంలో చిన్న వాల్వు ఉంటుంది, షూలు డ్రమ్ముకి దగ్గరగా ఉండటానికి పైపులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డిస్కుకి ఆ ఒత్తిడే ప్యాడ్‌ని వదలనివ్వదు. డిస్కు కప్లర్ వేరు, లేదా కంపెనీ చెప్పిన పద్ధతిలో ఆ వాల్వు తీయాలి.

రివర్స్‌లో బ్రేకులు పట్టేస్తున్నాయి. ఏం చేయాలి?

ట్రైలర్ డ్రమ్ముల్లో ‘ఫ్రీ బ్యాకింగ్’ రకం ఉంది, వెనక్కి తిరిగినప్పుడు షూ పట్టు వదిలేస్తుంది. యూరప్ సెట్లలో ఇదే పనిని ఆటో రివర్స్ షూ చేస్తుంది. అయినా పట్టేస్తుంటే షూలు మరీ దగ్గరగా బిగించారని అర్థం.

డిస్కుకి ఆ సౌకర్యం లేదు. పైపు మధ్యలో కరెంటు వాల్వు పెట్టాలి, జీపు రివర్స్ లైటు వెలగగానే అది ఆయిల్ దారి మూస్తుంది. గట్టు ఎత్తుమీదికి వెనక్కి నెట్టాల్సినప్పుడు ఈ వాల్వు లేకపోతే బండి కదలదు. చాలా కప్లర్లలో ఒక పిన్ను దూర్చి కప్లర్‌ని జరగకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. దాన్ని రోజూ వాడే అలవాటు మంచిది కాదు. పిన్ను తీయడం మరిచి హైవే ఎక్కితే మీకు బ్రేకులు లేనట్టే.

వైర్ల రంగులు కలపడం లేదే?

కలవవు. అమెరికా ట్రైలర్లో బ్రేకు లైటు, ఇండికేటరు ఒకే బల్బులో వస్తాయి, మన బండ్లలో విడివిడిగా. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, లేకపోతే ట్రైలర్ మీద దీపాలు విడిగా మార్చాలి. అమెరికా 5 పిన్నుల ప్లగ్గులో నీలం తీగె రివర్స్ వాల్వుకి. యూరప్ 7 పిన్నుల సాకెట్లో నీలం అంటే వెనక ఫాగ్ లైటు, అందులో రివర్స్‌కి స్థానమే లేదు. 13 పిన్నుల సాకెట్లో 8వ పిన్ను రివర్స్. రంగు చూసి కాదు, టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి కలపండి. ఎర్త్ తీగె విడిగా లాగండి, హుక్కు ద్వారా వచ్చే ఎర్త్ మీద ఆధారపడితే గ్రీజు పూసిన రోజున లైట్లు మినుకుమంటాయి.

నీళ్లలోకి దించేటప్పుడు ఏం చూసుకోవాలి?

మంగళగిరి వైపు నుంచి ఎండలో వచ్చి, అలాగే గట్టు దిగితే హబ్బులు వేడిగా ఉంటాయి. చల్లని నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్లని లోపలికి లాగుతుంది. హబ్బు మీద చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లారేదాకా ఆగండి. ఆ పదిహేను నిమిషాల్లో బోటు తాళ్లు విప్పుకోవచ్చు, లైట్ల ప్లగ్గు తీసేయొచ్చు. బోటు తేలేంత లోతు వరకే దించండి.

గట్టు మీద జీపు వెనక్కి దిగేటప్పుడు ట్రైలర్ జీపుని కిందికి లాగుతుంది, కప్లర్ బయటికి సాగి ఉంటుంది. కాబట్టి ఆ సమయంలో ట్రైలర్ బ్రేకులు పనిచేయవు. జీపు హ్యాండ్ బ్రేకే ఆధారం. ఒక మనిషి చక్రం అడ్డు చెక్కతో పక్కన ఉండాలి, ట్రైలర్ వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు.

బయటికి తీశాక కడగండి. మంచినీళ్లయితే ఒండ్రు పోయేలా వెనక ప్లేటు సందుల్లోకి గొట్టం పెట్టాలి. సముద్రం నుంచి వస్తే అక్కడే, ఆరక ముందే కడగాలి. ఉప్పు ఎండిపోయాక ఇంటికొచ్చి కడిగినా అంత ఫలితం ఉండదు. హంసలదీవి, అవనిగడ్డ వైపు నది నీళ్లు కూడా పోటుకి ఉప్పగా ఉంటాయి. నది అనుకుని వదిలేయొద్దు. కడిగాక ఓ కిలోమీటరు నడిపి నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే డ్రమ్ములు ఆరిపోతాయి.

ఒక చక్రమే వేడెక్కుతోంది, లేదా ఒక పక్కకి లాగుతోంది. కారణం?

వేడెక్కిన చక్రంలో షూ వదలడం లేదు: స్ప్రింగు విరిగి ఉంటుంది, వీల్ సిలిండర్ తుప్పుతో పట్టేసి ఉంటుంది, కేబుల్ రకమైతే గొట్టంలో తీగె తుప్పు పట్టి జారదు. చల్లగా ఉన్న చక్రమే తప్పు చేస్తున్న సందర్భాలూ ఉంటాయి. అటు బ్రేకు అసలు పడక, ఇటుది రెండింతలు పని చేస్తుంది. కాబట్టి రెండూ విప్పి చూడండి.

లైనింగుకి గ్రీజు అంటుకుంటే కూడా ఇదే లక్షణం. హబ్బు మూత మీద నిపుల్ ఉండి గ్రీజు గన్‌తో ఎక్కించే రకం వాడేవాళ్లు ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని నొక్కుతారు. ఎక్కువైన గ్రీజు వెనక సీలుని తోసుకుని డ్రమ్ములోకి వస్తుంది. గ్రీజు తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి వాడేవాళ్లున్నారు. వేడెక్కగానే లోపలిది మళ్లీ పైకొస్తుంది. రెండు చక్రాలకీ కొత్త షూలు వేయండి.

బ్రేకు వేసినప్పుడల్లా ముందు ‘డంగ్’ మని కొడుతోంది.

కప్లర్ లోపలి బుష్షులు అరిగాయి, లేదా షాక్ అబ్సార్బర్ పోయింది. షూలు వదులుగా ఉన్నా కప్లర్ చివరికంటా వెళ్లి కొడుతుంది. ముందు షూలు సరిచేసి చూడండి, ఖర్చు లేని పని అదే.

బ్రేకులున్నాయి కదా, ఘాట్ రోడ్డు ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు, దిగడమే కష్టం. దోర్నాల నుంచి శ్రీశైలం దారి లాంటి చోట దిగుతున్నంతసేపూ ట్రైలర్ ముందుకి తోస్తూనే ఉంటుంది, ఓవర్‌రన్ బ్రేకు పడే ఉంటుంది. డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. తక్కువ గేరులో, ఇంజను పట్టుతో నెమ్మదిగా దిగండి, మధ్యలో ఆపి చల్లారనివ్వండి. హుక్కు మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం ఉండేలా బోటుని ముందుకో వెనక్కో జరపండి. అది తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది, దాన్ని ఏ బ్రేకూ సరిచేయదు.

బ్రేక్‌అవే కేబుల్ అంటే ఏంటి? గొలుసులు చాలవా?

హుక్కు ఊడి ట్రైలర్ విడిపోతే ఈ సన్న కేబుల్ లాగబడి ట్రైలర్ బ్రేకు తనంతట తానే పడుతుంది. దాన్ని బాలు మెడకి చుట్టకండి, బాలే ఊడిపోతే? జీపు చాసిస్‌కి తగిలించాలి. పూర్తి మలుపులో కూడా బిగుసుకోనంత పొడవు ఉండాలి, నేలకి రాసుకునేంత కాకూడదు. గొలుసులు కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా వేయండి. కప్లర్ ఊడినా వాటి ఊయల మీద పడుతుంది. కేబుల్ పొరపాటున లాగబడితే చాలా సర్జ్ కప్లర్లలో లివర్ లాక్ అవుతుంది, విడిపించకుండా నడిపితే డ్రమ్ములు కాలిపోతాయి.

ఆర్సీ ఇబ్బంది ఏమైనా ఉందా?

1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. సెక్షన్ 52 ఆర్సీలోని వివరాలతో పొసగని మార్పుల గురించి. యాక్సిల్ మారిస్తే, మోసే బరువు మారితే, పని మొదలుపెట్టక ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి అడగండి. పని అయ్యాక అడిగితే విప్పించే అవకాశం ఉంది. బిల్లులు, యాక్సిల్ ప్లేటు ఫొటో, కప్లర్ ప్లేటు ఫొటో దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి.

మేం ట్రాక్టరుతో లాగుతాం, మాకూ అవసరమా?

ఇంటి నుంచి గట్టు దాకా రెండు కిలోమీటర్లు నెమ్మదిగా అయితే ట్రాక్టరు బరువే సరిపోతుంది. అదే ట్రైలర్‌ని రేపు జీపుకి తగిలించి హైవే ఎక్కిస్తే పై లెక్కంతా వర్తిస్తుంది.

నెలల తరబడి వాడకపోతే ఏం చేయాలి?

వరద సీజన్లో నది మూసేసినప్పుడు ట్రైలర్లు కదలవు, బ్రేకులు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే. హ్యాండ్ బ్రేకు వేసి వదలొద్దు, షూ తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుంటుంది. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి బ్రేకు వదిలేయండి. నెలకోసారి రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ జరపండి. అతుక్కున్న డ్రమ్ముని జీపుతో ఈడ్చి విడిపించే ప్రయత్నం చేస్తే లైనింగు షూ నుంచి ఊడుతుంది. చక్రం తీసి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో తట్టండి, అడ్జస్టర్ వెనక్కి తిప్పండి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, ఉప్పునీళ్లలో వాడితే ఏటా మార్చండి. ట్యాంకులో ఆయిల్ టీ రంగులోకి మారితే ఇంక ఆగొద్దు.

ప్రయాణంలో దగ్గర ఏం ఉంచుకోవాలి?

గ్రీజు పట్టించి సిద్ధంగా ఉన్న ఒక హబ్బు, బేరింగులు సీలుతో సహా, ప్లాస్టిక్ సంచిలో. స్ప్లిట్ పిన్నులు, కాజిల్ నట్టు పానా, బ్రేక్ ఆయిల్ అరలీటరు, ట్రైలర్ బరువుకి సరిపడే జాకీ, అడ్డుచెక్కలు రెండు, స్పేర్ చక్రం. జీపు జాకీ ట్రైలర్ కిందికి దూరుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. పైపు పగిలి ఆయిల్ కారిపోతే, ఆ పైపుని రోడ్డు పక్కన మడిచి నలగ్గొట్టి మూసేసి నడపడం చేయొద్దు. ట్రైలర్‌ని అక్కడే వదిలి, కావలి మనిషిని ఉంచి, పైపు తెచ్చి వేయించాకే కదిలించండి.